మొక్క నాటే ముందు నిప్పు ఆపుదాం: వాగుకు, గుట్టకు మనమే బాకీ



జీవామృతం తయారీ వీడియో పెట్టిన తర్వాత చాలామంది ఫోన్ చేసిన్రు. ఎక్కువమందిది ఒకటే ప్రశ్న. "తమ్మీ, పేడ ఉన్నది, మూత్రం ఉన్నది, బెల్లం, పప్పు పిండి తెచ్చుకుంటం. ఆ గుప్పెడు మట్టి ఎక్కడిది వెయ్యాలె?" ఎప్పటిలెక్కనే చెప్పిన. మందులు పడని, దున్నని జాగా చూసి తెచ్చుకోండి, వాగు ఒడ్డున చెట్టు కింద గానీ, గుట్ట అంచున గానీ, పాత గట్టు మీద గానీ దొరుకుతది అని.

ఒక పెద్దాయన మాత్రం నేను చెప్పింది మొత్తం విని, "అసొంటి జాగ మా శివారుల ఏడున్నది బిడ్డా? వాగు ఒడ్డు దాకా వరే ఉన్నది. గుట్ట ఏటా కాలుతనే ఉన్నది" అన్నడు.

నా దగ్గర జవాబు లేదు. ఫోన్ పెట్టేసినంక మా శివారు కూడా గుర్తు చేసుకున్న. ఆయన చెప్పింది మా ఊరికీ వర్తిస్తది. ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్న మీదనే.

మనం ఎవరికి బాకీ ఉన్నం?

పెట్టుబడి లేని వ్యవసాయం అని గొప్పగా చెప్పుకుంటం. ఒక్కసారి లెక్క చూద్దాం. 200 లీటర్ల డ్రమ్ములో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి వేస్తం. ఇవి మనయి. ఆ గుప్పెడు మట్టి మాత్రం మనది కాదు. దశపర్ణి కషాయానికి కానుగ, వావిలి, జిల్లేడు, సీతాఫలం, ఉమ్మెత్త ఆకులు తెంపుకొస్తం. వాటిల సగానికి సగం మనం పెంచినయి కావు. ఒర్రె పక్కన, గుట్ట కింద వాటంతట అవే పెరిగినయి. ఆవు మేసేది గుట్ట మీద. పురుగును తినే పిట్ట గూడు పెట్టేది వాగు ఒడ్డు చెట్టు మీద. బావిల ఊట వచ్చేది వాగు ఇసుకల నుంచి.

అంటే పెట్టుబడి లేక కాదు, ఆ పెట్టుబడి గుట్ట, వాగు పెడుతున్నయి. మనం వాడుకుంటున్నం, తిరిగి కట్టుడు లేదు. యూరియా వేసే రైతు కంపెనీకి బాకీ ఉంటడు. ప్రకృతి వ్యవసాయం చేసే రైతు గుట్టకు, వాగుకు బాకీ ఉంటడు. అందుకే వాగును, అడవిని బాగు చేసే పనికి స్వచ్ఛందంగా పోవుడు సమాజ సేవ అని నేను అనుకోను. అది బాకీ తీర్చుడు. ఆ బాకీ తీర్చే పద్ధతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. నాకూ తెలియకుండె. తెలిసేసరికి ఒక గుట్ట కాలింది.

నేను చేసిన తప్పు

2019 వానాకాలంల మేం పన్నెండుమంది దోస్తులం కలిసి ఊరి పక్క గుట్ట వాలు మీద మూడు వందల మొక్కలు నాటినం. నర్సరీ నుంచి ట్రాక్టర్ల తెచ్చినం. గుంతలు తీసినం, ఫొటోలు దిగినం, వీడియో పెట్టినం. మంచిగ చూసిన్రు, మెచ్చుకున్నరు. దసరా దాకా పోయి చూసుకుంట ఉన్నం. తర్వాత పంట పనుల పడి మర్చిపోయినం.

మళ్ళా ఏప్రిల్ నెల. యాసంగి వరి హార్వెస్టర్‌తో కోసినంక మా చిన్నాయన పొలంల గడ్డికి, కొయ్యలకు నిప్పు పెట్టిండు. పగటీలి గాలి లేచింది. మంట ఒడ్డు దాటింది, ఒర్రెల ఎండిన రెల్లు అంటుకున్నది, ఈత చెట్లు అంటుకున్నయి, అక్కడి నుంచి గుట్ట మీదికి ఎగబాకింది. మేం పోయేసరికి మా మూడు వందల మొక్కల జాగ నల్లగ ఉన్నది.

కోపంతో చిన్నాయన మీదికి పోయిన. "కాలవెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పిన?" అన్న. ఆయన తల ఎత్తకుండనే అన్నడు: "కాలవెట్టొద్దని ఫోన్ల మంచిగ చెప్తవురా. మరి ఆ గడ్డి ఏం చెయ్యాలెనో వచ్చి ఒక్కనాడన్న చేసి చూపెట్టినవా?"

చూపెట్టలేదు. వ్యవసాయ డిప్లొమా చేసిన, కొయ్యలు కాలిస్తే నేలల జీవం చస్తదని పుస్తకంల చదివిన, మంది ముంగట చెప్పిన. కానీ ఆయన పొలంలకు పోయి ఒక్క మోపు గడ్డి ఎత్తలేదు. అదే సమయంల నా పసుపు మడిల కప్పడానికి గడ్డి దొరకక పైసలు పెట్టి కొంటున్న. ఆయనకు బరువైన గడ్డి నాకు అవసరమైన గడ్డి. ఇద్దరి నడుమ ఉన్నది రెండు పొలాల దూరం.

కాలిన గుట్ట నేర్పిన పాఠం

తొలకరి పడినంక మళ్ళీ గుట్ట మీదికి పోయిన. మేం నాటినవాటిల వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు. కానీ ఎవ్వలు నాటనియి మాత్రం లేస్తున్నయి. తునికి, మోదుగ, సీతాఫలం, తంగేడు. పైన కాలినా కింద వేర్లు బతికే ఉన్నయి. పాత మొద్దుల నుంచి చిగుర్లు గుంపులు గుంపులుగ వస్తున్నయి.

అప్పుడు తెలిసింది. బోడిగా కనిపించే గుట్ట ఖాళీ గుట్ట కాదు. దాని కింద అడవి వేర్ల రూపంల ఉన్నది. ఏటా చిగురు వేస్తది, ఏటా మనం కాలవెడతం, లేకుంటే మేకలు కొరుకుతయి, లేదా వంటచెరకు కోసం కొడతం. రెండు మూడేండ్లు ఆగితే అది మనిషి ఎత్తు లేస్తది. మనం ఆగం. జేసీబీ పెట్టి ఉన్న పొదలు తీసి, గుంతలు తవ్వి, నర్సరీ మొక్క పెడతం. బతికి ఉన్నదాన్ని చంపి బతుకుతదో లేదో తెలియనిదాన్ని నాటుడు అన్నట్టు.

నిప్పు వల్ల వాగుకు ఏమైతదో కూడా చూడాలె. గుట్ట మీద రాలిన ఆకు పరుపులెక్క ఉంటది. వాన చినుకు నేరుగా మట్టిని కొట్టకుండా ఆపుతది, నీళ్ళను మెల్లగా లోపలికి దింపుతది. ఆకు కాలితే నేల బోడి. మొదటి పెద్ద వానకే మట్టి కొట్టుకొచ్చి ఒర్రెల పడ్తది, ఒర్రె నుంచి చెరువుల పూడిక అయితది. వాగు రెండు దినాలు పొంగి మూడోనాడు ఎండుతది. మా జగిత్యాల జిల్లాల ఏడాదికి దాదాపు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడ్తది. వాన తక్కువై వాగు ఎండుతలేదు. వాన నీళ్ళను ఆపే గుట్ట కాలి, దాచే ఇసుక పోయి ఎండుతున్నది.

కాబట్టి అడవి పని, వాగు పని వేరు వేరు కాదు. గుట్ట మీద ఏప్రిల్‌ల ఆగిన మంట, వాగుల డిసెంబర్‌ల పారే నీళ్ళు.

వదిలేస్తే నిజంగనే అడవి వస్తదా?

ఈ మాట అడిగేటోళ్ళకు నేను అనంతపురం వైపు చూపెడత. మనకన్న సగం వాన పడే జాగ అది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాల ఉన్న చెన్నేకొత్తపల్లి దగ్గర 1990ల టింబక్టు కలెక్టివ్ మొదలైంది. మొదలు తీసుకున్నది 32 ఎకరాల బోడి నేల. మొదలుపెట్టిన బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం మీద జపాన్ రైతు ఫుకువోకా ఆలోచన ప్రభావం ఉన్నది. మన దగ్గర "గడ్డిపరకతో విప్లవం" చదివి ఈ బాటల వచ్చినోళ్ళు ఎంతోమంది ఉన్నరు కాబట్టి ఆ పేరు కొత్తది కాదు.

తర్వాత అక్కడి ఊర్లోళ్ళు కలిసి కాపాడుకున్నదే కల్పవల్లి. ముష్టికోవెల ఊరితోని మొదలై చుట్టుపక్కల ఊర్లు చేరినయి. సుమారు 7,000 ఎకరాల బంజరు గుట్టలు. అక్కడ చేసిన ముఖ్యమైన పని పెద్ద ఎత్తున మొక్కలు నాటుడు కాదు. ఊరి మనుషులనే కాపలా పెట్టుకున్నరు. ఎండకాలం ముందు నిప్పు దాటకుండా గడ్డి చెక్కి బాటలు తీసిన్రు. చెట్టు కొట్టనియ్యలేదు. స్థానిక విత్తనాలు చల్లిన్రు. వాగుల పొంటి ఈత పెరిగింది, గడ్డి పెరిగింది, పశువులకు మేత దొరికింది, కింద చెరువులకు నీళ్ళు వచ్చినయి. ఈత ఆకులతో చాపలు, బుట్టలు అల్లేటోళ్ళకు పని దొరికింది.

ఆ కథల ఒక చేదు కూడా ఉన్నది. రికార్డుల ఆ భూమి బంజరుగనే ఉండిపోయింది. అందుకే ఆ గుట్టల మీదికి గాలిమరలు వచ్చినయి. వాటి కోసం రోడ్లు తవ్విన్రు. ఊరోళ్ళు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోవాల్సి వచ్చింది. ఇరవై ఏండ్లు చేతితో కాపాడిన అడవి కాగితం మీద లేకపోతే ఎంత బలహీనమో దాంట్ల తెలుస్తది. ఈ సంగతి కిందికి మళ్ళీ వస్త.

తెలంగాణల కూడా ఉన్నది. సూర్యాపేట జిల్లా రాఘవాపురంల దుశర్ల సత్యనారాయణ గారు తన వారసత్వ భూమి సుమారు 70 ఎకరాలను అడవికి వదిలిపెట్టిన్రు. నల్లగొండ నీళ్ళ కోసం జలసాధన సమితి పెట్టి పోరాడిన మనిషి ఆయన. బ్యాంకు ఉద్యోగం వదులుకున్నరు. ఆ అడవికి కంచె లేదు. లోపల కుంటలు తవ్వి వాన నీళ్ళు ఆపిన్రు. పండ్లు తెంపి అమ్ముకునుడు లేదు, అవి కోతులకు, నెమళ్ళకు, పిట్టలకే. ఖమ్మం జిల్లాల వనజీవి రామయ్య గారు సైకిల్ మీద విత్తనాలు, మొక్కలు పట్టుకొని జీవితమంతా నాటిన్రు. 2017ల పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌ల కాలం చేసిన్రు. వీళ్ళిద్దరిది ఒక దినం పని కాదు. రోజూ పోయి చూసుకున్నరు.

మనందరం 70 ఎకరాలు వదలలేం. నాకున్నదే అంత లేదు. కానీ పది ఫీట్లు వదలొచ్చు.

ఘాటు ఊడిస్తే నది బాగైతదా?

2027ల గోదావరి పుష్కరాలు వస్తున్నయి. 2015ల లెక్కనే ధర్మపురికి జనం పోటెత్తుతరు. మన దిక్కు యువజన సంఘాలు ఘాట్లు శుభ్రం చేయడానికి పోతరు. పోవాలె కూడా. పాత బట్టలు, ప్లాస్టిక్ కవర్లు, పూజ సామాన్లు నీళ్ళల నుంచి తీసే పిల్లలను చూస్తే నాకు గౌరవం.

కానీ నది ఘాటు కాడ పుట్టది. మా పెగడపల్లి చెల్కల మీద పడ్డ చినుకు, సిరిసిల్ల దిక్కు మానేరుల పడ్డ చినుకు, వేములవాడ మూలవాగు నీళ్ళు, అన్నీ చివరికి గోదావరికే చేరాలె. ఈ ఒర్రెలు, వాగులు సచ్చిపోతే ధర్మపురి ఘాటు ఎంత ఊడ్చినా లాభం లేదు. పై నుంచి వదిలితేనే నీళ్ళు, లేకుంటే బండలు.

వాగుల ఇసుక సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. మా నాయినమ్మ ఎండకాలంల వాగుల చెలిమె తోడి నీళ్ళు ముంచుకొచ్చేదట. ఇసుక అంటే నీళ్ళు దాచుకునే సంచి. పైన ఎండినా లోపల తడి ఉంటది, ఆ తడే ఒడ్డు బావులకు ఊట. ఆ ఇసుక రాత్రి ట్రాక్టర్లల పోతుంటే మనం ఏమంటున్నం? ఏమనం. ఎందుకంటే ట్రాక్టర్ మనోళ్ళదే, ఇల్లు కట్టుకునేది మనోళ్ళే. ఇది పోలీసుల పని మాత్రమే అనుకుంటే ఎప్పటికీ ఆగదు. ఎక్కడ, ఎంత తీయాలె, ఎక్కడ ముట్టొద్దు అనేది గ్రామసభల మాట్లాడే విషయం. వాల్టా చట్టం 2002 నుంచి ఉన్నది. నీళ్ళు, భూమి, చెట్లు మూడింటికీ కలిపి తెచ్చిన చట్టం అది.

రాజస్థాన్ అల్వార్‌ల అర్వరి నది సంగతి చూడండి. తరుణ్ భారత్ సంఘ్‌తో కలిసి ఊరోళ్ళు 1985 నుంచి చిన్న చిన్న మట్టి కట్టలు పోసుకుంట వచ్చిన్రు. ఎండిన నది మళ్ళీ పారింది. నీళ్ళు రాంగనే వాళ్ళు సంబురం చేసుకొని ఊరుకోలేదు. 1999ల ఊర్లన్నీ కలిసి నదికి ఒక పార్లమెంటు లెక్క పెట్టుకున్నరు. నీళ్ళు ఎక్కువ తాగే పంటలు వేయొద్దని కట్టుబాటు పెట్టుకున్నరు. నది కోసం పని చేసుడంటే చివరికి మన పంట దాకా వస్తది. కష్టమైన మాట అదే.

మీరు అడిగే ప్రశ్నలు

"వాగు ఒడ్డు వదిలితే నష్టం గదా?" నష్టమే. లెక్క చెప్త. మీ పొలం వాగు పొంటి 100 మీటర్లు ఉన్నదనుకోండి. పది ఫీట్లు, అంటే 3 మీటర్లు వదిలితే 300 చదరపు మీటర్లు, మూడు గుంటలు. ఎకరానికి 25 క్వింటాళ్ళు పండుతయి అనుకుంటే ఒక పంటకు రెండు క్వింటాళ్ళకు కొంచెం తక్కువ పోతయి. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి 2,369 రూపాయలు. అంటే దాదాపు నాలుగున్నర వేలు. చిన్న మాట కాదు. కానీ ఒడ్డు కోసుకపోయి పోయే మట్టి, కషాయం ఆకు, ఆవుకు గడ్డి, పిట్టలు తినే పురుగు, వీటి లెక్క కూడా పక్కన రాసుకోండి. అయినా వద్దనిపిస్తే ఐదు ఫీట్లు వదలండి. దున్నకుండా, గడ్డిమందు కొట్టకుండా ఉంటే చాలు.

"ఇది సర్కారు పని గదా?" సగం నిజం. హరితహారం 2015ల మొదలైంది, రాష్ట్రంల పచ్చదనం 24 శాతం నుంచి 33 శాతానికి తేవాలన్నరు. ఇప్పుడు వన మహోత్సవం పేరు మీద నడుస్తున్నది. 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కలల్ల 85 శాతం బతికించాలని పంచాయతీల మీద బాధ్యత పెట్టింది. అంటే చట్టం కూడా నాటిన లెక్క కాదు, బతికిన లెక్క అడుగుతున్నది. ఆ లెక్క అడగాల్సింది మనం.

"కోతుల సంగతేంది?" ఇది నాకు సొంత బాధ. గానుగ పెట్టుకున్న. మా ఊరి పల్లికాయతో నూనె పట్టి అమ్మాలని ఆశ. ఊర్లె పల్లికాయ వేసేటోళ్ళు లేరు, కోతులు వదలయి. బయట నుంచి కొనుక్కొస్తున్న. కూరగాయలు, మక్క కూడా గట్లనే మానుకుంటున్నరు. గుట్ట మీద మొర్రి, తునికి, మేడి, జువ్వి, వెలగ, రేగు ఉన్ననాడు వాటి తిండి అక్కడుండె. ఇప్పుడు మనం నాటే నీలగిరి, కోనోకార్పస్ చెట్లల్ల కోతి తినేది ఏమున్నది? అబద్ధం చెప్పను, పండ్ల చెట్లు లేచినా ఊరి రుచి మరిగిన కోతి రేపే వాపస్ పోదు. పదేండ్లు పట్టొచ్చు. కానీ ఇయ్యాల మొదలుపెట్టకపోతే ఆ పదేండ్లు ఎప్పటికీ మొదలుకావు.

"తునికాకు కోసం నిప్పు పెడతరు, వాళ్ళ పొట్ట కొట్టాలెనా?" వద్దు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు బీడీలు చుట్టే చేతులు మన ఇండ్లల్లనే ఉన్నయి. తునికి కొమ్మ కొడితే కూడా కొత్త చిగురు వస్తది, దానికి నిప్పు అక్కర లేదు. ఇప్పపువ్వు ఏరేటోళ్ళు చెట్టు కింద ఆకు కాల్చే బదులు పక్కకు ఊడ్వొచ్చు, పాత చీరలో, వలలో పరుచుకోవచ్చు. ఇవి వాళ్ళకు చెప్పే ముందు వాళ్ళతోని పొద్దున్నే గుట్టకు పోయి చూడండి. నేను చిన్నాయన దగ్గర చేసిన తప్పు మళ్ళీ చేయొద్దు.

"మందులు కొట్టిన పొలం గడ్డి మన మడిల ఎట్ల వేస్తం?" మంచి అనుమానం. నేను ఆ గడ్డి ఆవుకు వేయను, మట్టి మీద కప్పడానికే వాడుత, వానకు నానబెట్టి జీవామృతం చల్లుత. పీజీఎస్ సర్టిఫికెట్ ఉన్నోళ్ళు ముందుగల మీ గ్రూపుల అడిగి రాసి పెట్టుకోండి. వాడుడు కుదరకపోతే, ఆ గడ్డిని ఒక మూలకు కుప్ప వేసి కుళ్ళబెట్టినా సరే, కాలకుండా ఆగింది కదా.

మరి ఏం చేద్దాం?

నా మనవి పెద్దది కాదు. ఒక్క రోజు నాటే పని బదులు ఏడాది పొడుగూత చిన్న చిన్న పనులు.

జనవరి, ఫిబ్రవరి: పొలాలకు, గుట్టకు నడుమ పది ఫీట్ల వెడల్పు గడ్డి, ఆకు చెక్కి నిప్పు దాటని బాట తీయాలె. రిజర్వ్ ఫారెస్ట్ అయితే బీట్ ఆఫీసర్‌కు చెప్పి, వాళ్ళతోని కలిసే చేయాలె. సొంతంగ లోపలికి పోయి తవ్వొద్దు.

మార్చి నుంచి మే: ఇది అసలు పని. ఊరికి పదిమంది పేర్లు, ఫోన్ నంబర్లు ఒక చోట రాసుకోండి. పొగ కనిపిస్తే ఒకరికొకరు చెప్పుకోండి, ఫారెస్ట్ వాళ్ళకు చెప్పండి. ఒక్కలే పోవద్దు, నైలాన్ బట్టలతో పోవద్దు, గాలికి ఎదురుగ నిలబడొద్దు. మంట పెద్దదైతే ఆర్పుడు మన పని కాదు, ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేసుడే మన పని.

ఏప్రిల్, మే కోతలప్పుడు: పక్క పొలం గడ్డి మీరే ఎత్తండి. బేలర్ కిరాయి ఇద్దరు ముగ్గురు పంచుకోండి. జూన్‌ల పసుపు పెట్టినంక కప్పడానికి అదే గడ్డి పనికొస్తది. కొయ్యలు మిగుల్తయి, తొలి తడిల కలియదున్నితే అవే మురుగుతయి. నేను ఇప్పుడు చేస్తున్నది ఇదే. చిన్నాయన పొలం గడ్డి నా పసుపు మడిల ఉంటది. ఆ సంవత్సరం నుంచి ఆయన పొలంల నిప్పు లేదు. ప్రకృతి వ్యవసాయం గురించి ఆయనకు నేను మళ్ళీ ఒక్క మాట చెప్పలేదు. పోయిన ఏడు ఆయనే వచ్చి, "ఆ డ్రమ్ముల నీళ్ళు నాకొక బిందె ఇయ్యరా" అన్నడు.

జూన్, జూలై: నేరేడు, ఇప్ప, వేప గింజలు ఎక్కువ రోజులు ఉంటే మొలవయి, రాలిన వారం పది రోజుల్లనే వేయాలె. కానుగ గింజ నేరుగ పెట్టొచ్చు. వాగుల తడి అంచుకు వావిలి కొమ్మలు, రెల్లు, తుంగ. కొంచెం పైకి ఈత, కానుగ. ఒడ్డు మీద ఏరుమద్ది, నేరేడు, చింత. విత్తన బంతులు చేసేటోళ్ళు కూడా ఇవే పెట్టండి, మన గుట్ట విత్తనమే మన గుట్టకు. వాగుల సర్కారు తుమ్మ ఉంటే ఒకేసారి పీకెయ్యకండి, ఒడ్డును పట్టుకొని ఉంటది. పక్కన మన చెట్టు లేచినంక కొంచెం కొంచెం తీయండి.

బతుకమ్మ అప్పుడు: ఆడపిల్లలు తంగేడు, గునుగు ఎక్కడి నుంచి తెచ్చిన్రో అడగండి. గుట్ట మీద తంగేడు దొరికిందా, మార్కెట్ల కొన్నరా? మన శివారు బాగున్నదో లేదో చెప్పే లెక్క ఇంతకన్న మంచిది నాకు తెలియదు.

ఇంకొకటి, కాగితం పని. కల్పవల్లి చేదు ఇక్కడ గుర్తు పెట్టుకోవాలె. 2002 జీవ వైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీల జీవ వైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలె, ఊరి చెట్లు, మొక్కలు, జీవాలు, వాటి తెలివి అంతా రాసే రిజిస్టర్ ఉండాలె. మీ ఊరి కమిటీల ఎవరున్నరో పంచాయతీ కార్యదర్శిని అడగండి. మీ వాగు, మీ గుట్ట, అక్కడున్న చెట్లు ఆ రిజిస్టర్‌ల రాయించండి. రేపు ఎవరన్నా వచ్చి ఇది ఉట్టి బంజరు అంటే చూపెట్టడానికి ఒక కాగితం ఉంటది. వాగు ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తదో చెప్పే ముసలోళ్ళు మనతోని ఎక్కువ కాలం ఉండరు, వాళ్ళను ముందుగల అడగండి.

ఆ పెద్దాయనకు జవాబు

మళ్ళీ ఆ ఫోన్ దగ్గరికి వస్త. "అసొంటి జాగ మా శివారుల ఏడున్నది బిడ్డా?" అన్నడు కదా. నిన్న ఆయనకు నేనే ఫోన్ చేసిన. తాతా, ఇప్పుడు లేదు, చేసుకోవాలె అన్న. మీ పొలం చివర వాగు దిక్కు ఐదు ఫీట్లు ఈ వానాకాలం దున్నకుండా విడిచిపెట్టండి. ఒక్క కానుగ గింజ, రెండు ఈత గింజలు పెట్టండి. నిప్పు పడకుండా చూసుకోండి. మూడేండ్లకు గుప్పెడు మట్టి దొరుకుతది అన్న.

కొంచెంసేపు ఏమనలేదు. తర్వాత అడిగిండు: "మూడేండ్ల దాకా జీవామృతానికి మట్టి ఎక్కడిది?"

మా ఒర్రె పక్కన నేను వదిలిన పది ఫీట్లల్ల ఈత, వావిలి కింద ఇప్పుడు నల్ల మట్టి ఉన్నది. మీకు కావాలంటే వచ్చి తీసుకపోండి అన్న. పోయేటప్పుడు రెండు కానుగ గింజలు కూడా ఇస్త.